ఊరికి మనం తెలిసి ఉండటం

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది.

రైల్లో ఎదుటి సీటువాళ్లతో మాట కలిస్తే ముందుగా వచ్చే ప్రశ్న "మీదే ఊరండీ?" అని. మనం చెప్పిన ఊరూ, ఉంటున్న ఊరూ ఒకటే అయితే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. "అంటే పుట్టినప్పట్నుంచీ అక్కడేనా?" ఆ "అక్కడేనా" అనడంలో రెండు రకాలున్నాయి. కొందరి గొంతులో "అదృష్టవంతులండీ" అన్నట్టు ఉంటుంది. కొందరి గొంతులో జాలి వినిపిస్తుంది. నేను రెండూ విన్నాను. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పుట్టిన నగరంలోనే పెరిగాను. తర్వాత చదువుకీ ఉద్యోగానికీ మూడు ఊళ్లు మారి పదమూడేళ్లు బయట ఉన్నాను. తిరిగొచ్చి పదహారేళ్లయింది. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఉండటం, వెళ్లటం, తిరిగి రావటం మూడూ చేశాక మిగిలిన మాటలు.

తిరిగి రావాలా వద్దా అని తేల్చుకోలేక అప్పట్లో అందరూ చేసే పనే నేనూ చేశాను. కాగితం తీసుకుని నడుమ గీత గీశాను. ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు. ఎడమవైపు రాసిన మొదటి వాక్యం: "అక్కడ అందరూ నాకు తెలుసు." కుడివైపు రాసిన మొదటి వాక్యం: "అక్కడ అందరికీ నేను తెలుసు."

రాసి, చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. గీతకి అటూ ఇటూ ఒకటే సంగతి రాశానని అప్పుడు తట్టింది. ఆ తర్వాత ఇంకో పదిహేను వాక్యాలు రాశాను గానీ అవన్నీ ఈ రెండింటి పిల్లలే. సొంతూరి మంచీ చెడూ వేరే వేరే మూటలుగా రావు, ఒక్క మూటగానే వస్తాయి. ఇవాళ నేను మీ ముందు విప్పాలనుకుంటున్నది ఆ మూటనే.

అంతకంటే ముందు ఒక బెంగ తీర్చేస్తాను. లోకమంతా పెట్టె సర్దుకుని ఎటో వెళ్లిపోతోందనీ, మనమే మిగిలిపోయామనీ ఉన్న ఊళ్లో ఉండేవాళ్లకి లోపల ఒక దిగులుంటుంది. లెక్కలు చూస్తే అలా లేదు. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2024లో సొంత దేశం వదిలి వేరే దేశంలో ఉంటున్నవాళ్లు 30 కోట్ల 40 లక్షల మంది. సంఖ్య పెద్దదే, కానీ ప్రపంచ జనాభాలో నూటికి నలుగురు కూడా కారు. దేశం దాటకుండా ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి మారినవాళ్లు సుమారు 74 కోట్లని 2009 మానవాభివృద్ధి నివేదిక అంచనా కట్టింది. ఊళ్లు మారడంలో ముందుంటారని మనం అనుకునే అమెరికా సంగతి చూడండి. అక్కడి జనగణన శాఖా, హార్వర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులూ కలిసి 2022లో ఒక లెక్క బయటపెట్టారు. ఇరవయ్యారేళ్ల వయసుకి నూటికి ఎనభైమంది తాము పెరిగిన చోటికి 100 మైళ్లలోపే, అంటే 160 కిలోమీటర్లలోపే ఉన్నారట. 1885లోనే రావెన్‌స్టైన్ అనే ఆయన బ్రిటన్ జనాభా లెక్కలు ముందేసుకుని, ఇల్లు వదిలేవాళ్లలో ఎక్కువమంది కొద్ది దూరమే వెళ్తారని రాశాడు. ఆయన మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డ మనిషి.

కాబట్టి మీరు ఉన్నచోటే ఉన్నారంటే మనుషుల్లో ఎక్కువమంది చేసే పనే చేస్తున్నారు. అందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదు.

ఇక మూట విప్పుతాను. ఊరు తెలిసి ఉండటమంటే ఏమిటో ముందు ఒంటికి తెలుస్తుంది, తర్వాతే మనసుకి. కొత్త ఊరికి వెళ్లిన మొదటి ఆరు నెలలూ సాయంత్రమయ్యేసరికి నాకు విపరీతమైన అలసట వచ్చేది. ఆఫీసులో పని పాత పనే. మరి ఈ నీరసం ఎక్కడిదో అర్థమయ్యేది కాదు. ఒకరోజు కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. పొద్దున్న లేచింది మొదలు ప్రతిదీ ఆలోచించి చేస్తున్నాను. బస్సు ఎక్కడ ఆగుతుంది, ఏ వైపు దిగాలి, కుళాయి చెడితే ఎవర్ని పిలవాలి, వాడు చెప్పిన కూలి సబబేనా, జ్వరమొస్తే ఏ డాక్టరు, చీకటిపడ్డాక ఏ సందులో నడవకూడదు. సొంతూళ్లో ఇవేవీ మనం ఆలోచించం. కాళ్లు వాటంతట అవే వెళ్తాయి, మనసు తన పని తాను చేసుకుంటుంది.

ఇది ఊరికే అనిపించే సంగతి కాదు, దీనికి మెదడులో చోటుంది. 1971లో జాన్ ఓకీఫ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద పరిశోధన చేస్తూ, మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొన్ని కణాలు వింతగా నడుచుకోవడం గమనించాడు. ఎలుక గదిలో ఒక మూలకి వెళ్తే ఒక కణం పలుకుతుంది, ఇంకో మూలకి వెళ్తే ఇంకో కణం. అంటే లోపల ఒక పటం తయారవుతోందన్నమాట. ఆ దారిలోనే ముందుకెళ్లిన మోజర్ దంపతులకీ ఆయనకీ కలిపి 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పుట్టి పెరిగిన ఊరి పటం మనలో ఎంత లోతుగా గీసి ఉంటుందో, చూపు మందగించిన ముసలివాళ్లు సొంత వీధిలో నడిచే తీరు చూస్తే తెలుస్తుంది. వాళ్లని తీసుకెళ్లి కొత్త ఊళ్లో, ఎంత మంచి ఇంట్లో పెట్టినా, గుమ్మం దాటడానికి భయపడతారు. మనం దాన్ని మొండితనం అంటాం.

ఇక మనుషులకి మనం తెలిసి ఉండటం. ఒక రాత్రి సంగతి చెప్తాను.

అప్పటికి నేను తిరిగొచ్చి రెండేళ్లయింది. రాత్రి రెండున్నర ప్రాంతంలో మా అమ్మ స్నానాలగదిలో జారిపడింది. నేను ఫోనులో నంబర్లు వెతుక్కోలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి మూడో ఇంటి గేటు కొట్టాను. చిన్నప్పుడు నాతో ఒకే బడిలో చదువుకున్నవాడు ఆ ఇంట్లో ఉంటాడు. తలుపు తీసి నా మొహం చూశాడు, కారు తాళాలు తీసుకున్నాడు. ఏమైంది, ఎలా అయింది అని ఒక్క ప్రశ్న లేదు. అమ్మని ఇద్దరం లేవదీస్తుంటే, "అటు పట్టుకోకు, ఎడమ మోకాలు నొప్పి కదా ఆవిడకి" అన్నాడు. ఆ మోకాలి సంగతి నేను వాడికి ఎన్నడూ చెప్పలేదు. నేను బయట ఊళ్లలో ఉన్న పదమూడేళ్లూ ఆవిడ మెట్లెక్కడం వాడు చూస్తూ ఉన్నాడు, అంతే.

ఇలాంటి తెలియడమే పెద్దయెత్తున ప్రాణాలు కాపాడిన సందర్భం ఒకటుంది. 1995 జనవరి 17న తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకి జపాన్‌లో కోబె ప్రాంతాన్ని భూకంపం కుదిపేసింది. 6,434 మంది చనిపోయారు. భూకంప కేంద్రానికి దగ్గర్లో అవాజి దీవి మీద హొకుదాన్ అని చిన్న ఊరుంది. ఇళ్లు కూలి, వందల మంది నిద్రలోనే శిథిలాల కింద చిక్కుకుపోయారు. అక్కడివాళ్లు బయటి సాయం కోసం చూస్తూ కూర్చోలేదు. ఇరుగుపొరుగువాళ్లే చేతులతో, దొరికిన పనిముట్లతో తవ్వి ఆ రోజే దాదాపు 300 మందిని బయటికి తీశారు. ఎలాగంటే, ఎవరింట్లో ఎవరు ఏ గదిలో పడుకుంటారో ఊళ్లోవాళ్లకి తెలుసు. తిన్నగా ఆ గది ఉన్నచోటే తవ్వారు. ఇది చదివిన రోజున నాకు మా అమ్మ ఎడమ మోకాలు గుర్తొచ్చింది.

ఇప్పుడు కాగితం కుడివైపుకి వస్తాను. మీరు ఏ గదిలో పడుకుంటారో తెలిసిన ఊరికి, మీరు రాత్రి ఎన్నింటికి ఇంటికొచ్చారో కూడా తెలుసు. ఎవరి బండి మీద వచ్చారో తెలుసు. మీ ఉద్యోగం ఎందుకు పోయిందో, మీ పెళ్లి ఎందుకు చెడిందో వాళ్ల దగ్గర వాళ్ల కథ ఉంటుంది. మీరు వెళ్లి సరిదిద్దేలోగా అది మూడు వీధులు దాటి ఉంటుంది.

నాకు తెలిసిన ఒకావిడ తొమ్మిదో తరగతిలో లెక్కల్లో తప్పింది. ఒక్కసారే. తర్వాత పట్టుబట్టి చదివి, ఇవాళ ఒక పెద్ద సంస్థ ఖాతాలన్నీ చూసే స్థానంలో ఉంది. సొంతూళ్లో ఏ శుభకార్యానికి వెళ్లినా ఎవరో ఒకరు ప్రేమగా భుజమ్మీద చెయ్యేసి, "చిన్నప్పుడు లెక్కల్లో తప్పింది, ఇప్పుడు చూడండి" అని పక్కవాళ్లకి పరిచయం చేస్తారు. వాళ్ల ఉద్దేశం మెచ్చుకోవడమే. కానీ ఆవిడ ముప్ఫయ్యేళ్ల శ్రమ ప్రతిసారీ ఆ తప్పిన కాగితం దగ్గరే మొదలవుతుంది. వేరే ఊరికి బదిలీ వచ్చినప్పుడు ఆవిడ మొహంలో ఎంత తేలిక కనిపించిందో నేను దగ్గర్నుంచి చూశాను. అక్కడ ఎవరికీ తెలియదు కాబట్టి తానూ మర్చిపోగలిగానని చెప్పింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అని మనవాళ్లు ఊరికే అనలేదు. మొక్కలో గుణం ఎక్కడికీ పోలేదు. అది చిన్న మొలకగా ఉన్నప్పట్నుంచీ చూస్తున్నాం, నీళ్లు పోశాం, మేక కొరికితే కర్ర కట్టాం. దానికి రోగం కుదిర్చే శక్తి ఉందంటే మనసు ఒప్పుకోదు. మన ముందు పెరిగిన పిల్ల డాక్టరై వస్తే ముందు పక్క ఊరి డాక్టరు దగ్గరికి వెళ్తాం, అక్కడ కుదరకపోతే ఈ పిల్ల దగ్గరికి వస్తాం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని సర్దుబాటుగా చెప్పే అలవాటు ఉంది. ఉన్న ఊరు కన్నతల్లి అంటాం. నేనూ నమ్ముతాను, నా మట్టుకు అది నిజమైంది. కానీ అందరికీ ఊరు తల్లిలా ఉండలేదు. పుట్టుకతోనే మెడలో ఒక ముద్ర వేసి, ఆ ముద్రతోనే పిలిచే ఊళ్లున్నాయి. భర్త నుంచి విడిపోయి వచ్చిన ఆడమనిషిని పదేళ్లయినా అదే చూపు చూసే ఊళ్లున్నాయి. తాను ఎవర్ని ప్రేమించాడో చెప్పుకోలేక కుమిలిపోయిన కుర్రాళ్లున్నారు. ఇలాంటివాళ్లకి ముక్కూమొహం తెలియని జనంతో కిక్కిరిసిన పరాయి నగరం మొట్టమొదటిసారి ఊపిరి తీసుకునే చోటు. వాళ్ల ముందు మనం సొంతూరి గొప్పలు పాడకూడదు. వాళ్లు తమ ఊరిని వదిలిపెట్టలేదు, ఆ ఊరే వాళ్లని ముందు వదిలేసింది.

ఉద్యోగాల సంగతికొస్తే, ఇందులోనూ ఇదే ముడి. మనకి బాగా తెలిసినవాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లో పని సులువుగా దొరకాలి కదా? మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో అచ్చువేసిన పరిశోధన ఇందుకు అడ్డం తిరుగుతుంది. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని, ఆ తెలిసిన మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తుండేవారని అడిగాడు. తరచూ కలిసేవాళ్లమన్నది నూటికి పదిహేడుగురికి మించలేదు. అప్పుడప్పుడూ కలిసేవాళ్లమన్నవారు సుమారు 56 మంది. మిగతా 28 మంది ఎప్పుడో గానీ కలిసేవాళ్లం కాదన్నారు. కారణం సులువే. రోజూ మనతో తిరిగేవాళ్లకి మనకి తెలిసిందే తెలుస్తుంది. కొత్త కబురు దూరపు పరిచయాల నుంచి వస్తుంది. సొంతూళ్లో మన స్నేహితుడికి మన బావమరిది తెలుసు, ఆ బావమరిదికి మన పాత మేష్టారు తెలుసు. అందరూ అందరికీ తెలిసిన గుంపులో ఒకే కబురు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

ఇంకోటి కూడా ఉంది. మీరు ఈ ఊరు వదిలి వెళ్లలేరని తెలిసిన యజమాని మీ జీతం పెంచడానికి తొందరపడడు. తిరిగొచ్చిన మొదట్లో నాకిది అనుభవమైంది. బేరమాడే బలం పోయింది. అద్దె ఖర్చు తప్పింది కాబట్టి ఇల్లు గడిచిపోయింది గానీ, చేయగలిగిన పనికంటే చిన్న పనిలో నాలుగేళ్లు ఉన్నాను.

పిల్లల కోసం ఊరు మారాలా అని అడిగేవాళ్లుంటారు. దీని మీద నాకు తెలిసిన గట్టి రుజువు ఒకటుంది. అమెరికాలో 1994లో ఐదు నగరాల్లో పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. బాగా పేద పేటల్లో ఉండే కుటుంబాల్లో కొందరికి, చీటీ తీసినట్టు ఎంపిక చేసి, పేదరికం తక్కువున్న పేటలకి మారడానికి అద్దె సాయం ఇచ్చారు. పిల్లలు పెద్దయ్యాక, 2015లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి, ఆయన సహచరులూ ఆదాయాలు లెక్కకట్టారు. పదమూడేళ్లలోపు వయసులో మారిన పిల్లలు, మారనివాళ్ల కంటే 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. పదమూడు దాటాక మారినవాళ్లకి ఆ లాభం లేదు, కాస్త నష్టం ఛాయలు కూడా కనిపించాయి. ఇందులో నన్ను పట్టుకున్న విషయం, వాళ్లు నగరం దాటి ఎక్కడికో వెళ్లలేదు, ఎక్కువమంది అదే నగర పరిసరాల్లో పేట మారారు. మనం "ఊరు" అనే మాటని చాలా పెద్దదిగా వాడతాం. పిల్లకి ఊరంటే తన వీధి, తన బడి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే దగ్గరైన సంగతి. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలుండి ఒకరు వెళ్లి ఒకరు ఉంటే, ఉన్నవాళ్ల మీద ఏం పడుతుందో ఎవరూ లెక్క వేయరు. మా అన్నయ్య వేరే దేశంలో ఉంటాడు. మంచివాడు. డబ్బు పంపుతాడు, ఆదివారం ఆదివారం వీడియోలో అమ్మతో గంటసేపు మాట్లాడతాడు. ఆ గంట కోసం అమ్మ ఉతికిన చీర కట్టుకుని కూర్చుంటుంది. మిగతా ఆరు రోజులూ మందులు మింగించడం, బ్యాంకు లైను, ఆసుపత్రి బెంచీ, రాత్రి దగ్గు, చిరాకు, అలక — ఇవన్నీ దగ్గరున్నవాళ్లవి. అలసట వచ్చి ఒక మాట విసురుగా అంటే, ఆ మాట మాత్రం మూడు దేశాల్లో బంధువులకి తెలుస్తుంది. దూరంగా ఉన్నవాడి ప్రేమ పండగలా వస్తుంది. దగ్గరున్నవాళ్ల ప్రేమ రోజువారీ పనిలా ఉంటుంది కాబట్టి ఎవరి కంటికీ ఆనదు.

నేను ఇది ఫిర్యాదుగా చెప్పడం లేదు. అన్నయ్యతో కూర్చుని ఇదంతా మాట్లాడాను, తను ఒప్పుకున్నాడు, ఇప్పుడు ఏడాదికి నెల రోజులు వచ్చి అమ్మ దగ్గరుంటాడు, ఆ నెల నేను ఊరు దాటతాను. ఇలా నోరు తెరిచి అడగాలని చాలామందికి తోచదు. అడిగితే ప్రేమ లేదనుకుంటారేమోనని భయం. ఈ సభలో అలాంటివాళ్లుంటే, దయచేసి అడగండి.

మనకో సామెత ఉంది, తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు అని. ఎంత అన్యాయమైన సామెతో చూడండి. బయటి ప్రపంచమంతా మగాడికి మందు, ఆడదానికి విషం అన్నట్టు. కానీ నిజానికి చాలా సమాజాల్లో పెళ్లితో ఊరు మారేది ఆడమనిషే. ఇందాక చెప్పిన రావెన్‌స్టైన్ కూడా దగ్గరి దూరాలకి మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ కదులుతారని 1885లోనే గమనించాడు. తిరగకూడదన్నదీ ఆమెనే, ఊరు విడిచి పొమ్మన్నదీ ఆమెనే. సొంతూళ్లో ఉండటమా వెళ్లటమా అన్న ప్రశ్న ఆమె ముందు ఎవరైనా పెట్టారా?

దూరం వెళ్లినవాళ్ల బాధ గురించి కూడా కొంచెం చెప్పుకుందాం. స్విట్జర్లాండులో బాసెల్ అనే నగరం ఉంది. 1688లో అక్కడి విశ్వవిద్యాలయంలో యోహానెస్ హోఫర్ అనే పందొమ్మిదేళ్ల వైద్యవిద్యార్థి ఒక సిద్ధాంత వ్యాసం రాశాడు. ఇంటికి తిరిగి రావడం, నొప్పి అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి "నోస్టాల్జియా" అన్న పేరు పుట్టించాడు. అంటే ఇంటిబెంగని ఒక రోగంగా గుర్తించాడు. ఆయన రాసిన రోగుల్లో ఒకడు, బెర్న్ నుంచి బాసెల్‌కి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు. తిండి సయించక, జ్వరంతో నానాటికీ క్షీణించాడు. బతకడేమోనని ఇంటికి పంపేయాలని నిశ్చయించారు. ప్రయాణం ఏర్పాట్లు జరుగుతుంటేనే తేరుకున్నాడు, ఊరు చేరకముందే బాగైపోయాడు. రెండు ఊళ్లకీ మధ్య దూరం వంద కిలోమీటర్ల లోపే.

అదే బాసెల్‌లో, ఆ వ్యాసం వచ్చిన పందొమ్మిదేళ్లకి, 1707లో గణిత శాస్త్రవేత్త లియొనార్డ్ ఆయిలర్ పుట్టాడు. ఇరవయ్యో ఏట, 1727లో, ఉద్యోగం వచ్చి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి వెళ్లాడు. 1783లో చనిపోయేదాకా మళ్లీ బాసెల్‌లో అడుగుపెట్టలేదు.

ఈ ఆయిలర్ కథలోనే సొంతూరి గురించి నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో కోనిగ్స్‌బర్గ్ అని ఒక నగరం. నది చీలికలతో నాలుగు ముక్కలైన నగరం, వాటిని కలుపుతూ ఏడు వంతెనలు. ఒక్కో వంతెనా ఒక్కసారే దాటుతూ ఏడూ చుట్టి రావచ్చా అని అక్కడివాళ్లలో ఒక ప్రశ్న. కుదరదని కొందరు, ఏమోనని కొందరు. కుదురుతుందని గట్టిగా చెప్పినవాళ్లు లేరు, ఎందుకు కుదరదో తేల్చినవాళ్లూ లేరు. రోజూ ఆ వంతెనల మీద నడిచేవాళ్లకి వీధులూ, నీళ్లూ, మలుపులూ కనిపిస్తాయి. దూరాన పీటర్స్‌బర్గ్‌లో కూర్చున్న ఆయిలర్ అవన్నీ పక్కకి తోసేసి, ఒక్కో నేలముక్కకీ ఎన్ని వంతెనలు తగిలాయో మాత్రం లెక్కపెట్టాడు. నాలుగింటికీ బేసి సంఖ్యే. మధ్యలో తగిలే ఏ చోటికైనా ఒక వంతెన మీద వెళ్తే ఇంకో వంతెన మీద బయటపడాలి కాబట్టి అక్కడ సరి సంఖ్య ఉండాలి. మొదలుపెట్టే చోటా, ఆగే చోటా మాత్రమే బేసి చెల్లుతుంది. ఇక్కడ నాలుగు చోట్లా బేసే కాబట్టి కుదరదు. 1735లో పీటర్స్‌బర్గ్ సైన్స్ అకాడమీలో దీన్ని చదివి వినిపించాడు. చుక్కలూ వాటిని కలిపే గీతలూ గురించిన గణితం, గ్రాఫుల సిద్ధాంతానికి అదే పునాది.

అయితే ఆ 1735లో ఆ వంతెనల ఊళ్లో పదకొండేళ్ల పిల్లవాడొకడున్నాడు. పేరు ఇమ్మాన్యుయేల్ కాంట్, తర్వాతి రోజుల్లో పెద్ద తత్వవేత్త అయ్యాడు. 1724లో అక్కడే పుట్టాడు, అక్కడే చదివాడు, అక్కడే పాఠాలు చెప్పాడు, 1804లో అక్కడే పోయాడు. నడుమ ట్యూషన్లు చెప్పుకోవడానికి అదే ప్రాంతంలోని పల్లెల్లో కొన్నేళ్లున్నాడు గానీ ఆ ప్రాంతం దాటి దూరం వెళ్లింది లేదు. ఆలోచనలో మాత్రం ఆయన వెళ్లిన దూరం తత్వశాస్త్రం చదివినవాళ్లకి తెలుసు. అందుకే, ఊరు దాటకపోతే బుద్ధి ఎదగదు అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. వంతెనల లెక్క కోసం బయటి కన్ను కావాల్సి వచ్చిందన్నది మాత్రం ఒప్పుకుంటాను.

ఆ బయటి కన్ను ఇంట్లో ఉండి కూడా తెచ్చుకోవచ్చా? తిరిగొచ్చిన మొదటి ఏడాది నేను ఒక పని చేశాను. వారంలో ఒక సాయంత్రం, ఎన్నడూ దిగని స్టాపులో బస్సు దిగడం. పద్దెనిమిదేళ్లు పెరిగిన నగరంలో నాకు నిజంగా తెలిసినవి ఇల్లు, బడి, బజారు, బంధువుల ఇళ్లకి వెళ్లే నాలుగు దారులే అని అప్పుడు తెలిసింది. నా చిన్నతనమంతా మా ఇంటికి రెండు కిలోమీటర్లలో చేతివృత్తులవాళ్ల పేట ఒకటి ఉందనీ, రాత్రంతా అక్కడ పని జరుగుతుందనీ నాకు తెలియదు. మా ఇంటి చెక్క తలుపు అక్కడే తయారైందట.

కోనిగ్స్‌బర్గ్ సంగతి ముగించాలి. 1944లో బాంబు దాడుల్లో నగరం నడిబొడ్డు కాలిపోయింది. యుద్ధం అయ్యాక సోవియట్ చేతికి వచ్చింది, 1946లో పేరు కాలినిన్‌గ్రాడ్ అయింది, అక్కడ పుట్టి పెరిగిన జర్మన్లని పంపించేశారు. కాంట్ సమాధి మాత్రం ఆ పాత చర్చి గోడ పక్కన ఇప్పటికీ ఉంది. మనం కదలకపోయినా ఊరే మన కాళ్ల కింద నుంచి కదిలిపోవచ్చు. అంత ఘోరంగా కాకపోయినా, చిన్నప్పటి చెరువు కనిపించని ఊళ్లో, చెట్లు లేని వీధిలో తిరిగేవాళ్లకి ఆ బెంగ తెలుసు. వెళ్లినవాళ్ల దగ్గర పాత ఊరు చెక్కుచెదరకుండా మనసులో ఉంటుంది. ఉన్నవాళ్లం అది పోవడం రోజూ చూస్తాం.

1948 మానవ హక్కుల ప్రకటనలో పదమూడో అధికరణం చదివితే నాకు నచ్చేది ఏమిటంటే, తిరిగే స్వేచ్ఛా, నివసించే స్వేచ్ఛా ఒకే వాక్యంలో ఉన్నాయి. తర్వాతి వాక్యంలో దేశం విడిచి వెళ్లే హక్కూ, తిరిగొచ్చే హక్కూ ఉన్నాయి. ఉండటం, వెళ్లటం, తిరిగి రావటం మూడూ సమానంగా రాశారు. నేను ఆపుతాను. ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలోంచి ఒక యువకుడు: "మేడం, నాకు బయట ఊళ్లో ఉద్యోగం వచ్చింది. అమ్మానాన్నల్ని వదిలి వెళ్లాలా వద్దా తేలడం లేదు.")

మీ నాన్నగారికి ఎన్నేళ్లు బాబూ? యాభై రెండా? ఆరోగ్యంగా ఉన్నారా? అయితే వెళ్లండి. వాళ్లకి మీ అవసరం ఎక్కువ పడే రోజులు ఇంకా ముందున్నాయి. అప్పటికి తిరిగి రాగలిగే పని నేర్చుకుని రండి. వెళ్లేముందు మాత్రం మీ వీధిలో ఇద్దరు ముగ్గురికి మీ నంబరు ఇచ్చి, వాళ్ల నంబర్లు తీసుకోండి.

(ఒక పెద్దావిడ: "తిరిగొచ్చినందుకు ఎప్పుడైనా బాధపడ్డావామ్మా?")

పడ్డానండీ. రెండో ఏడాది బాగా పడ్డాను. నాతో చేరినవాళ్లు ఎక్కడికో వెళ్లిపోయారు, నేను ఇక్కడ చిన్న కుర్చీలో ఉన్నాను. ఆ కాగితం మళ్లీ తీసి చూసుకున్నాను. అప్పుడే ఆ రాత్రి అమ్మ పడిపోవడం, మూడో ఇంటి గేటు కొట్టడం జరిగింది. ఆ తర్వాత కాగితం తీయలేదు.

పోయిన నెల ఆ మూడో ఇల్లు ఖాళీ అయిందండీ. వాడు కూతురి చదువు కోసం వేరే ఊరు వెళ్లిపోయాడు. ఎవరో కొత్తవాళ్లు అద్దెకి దిగారు, చిన్న వయసు దంపతులు, మన ప్రాంతం వాళ్లు కూడా కాదు, భాష ఇంకా సరిగ్గా రాదు. నిన్న సాయంత్రం అమ్మని చెయ్యిపట్టుకుని మెల్లగా నడిపించుకుని వెళ్లి పరిచయం చేసి వచ్చాను. ఎడమ మోకాలి సంగతి కూడా చెప్పాను.